కొన్నవాని సొత్తు – దించుకొన్న ప్రతి

గుంటూరు మండలమునందలి మా మిత్రుడొకడు, డెబ్బదియేండ్లు దాటిన రైతు, మొన్న మా కార్యాలయమునకు వచ్చి మా కొక ప్రశ్న వేసెను. ఆయన యింట నొక చెక్కపెట్టెలో పౌరాణిక నాటక పద్యముల క్యాసెట్లు నలువది వరకు గలవు. అన్నియు ముప్పదియేండ్ల క్రిందట తెనాలి బజారులో రొక్కమిచ్చి కొన్నవే. ఏటేట వానల చెమ్మకు బూజుపట్టి, టేపు చుట్టలు చుట్టలుగా నంటుకొని, యంత్రమున బెట్టినచో కీచుమను చప్పుడే గాని పద్యము వినరాని స్థితికి వచ్చినవి. సంక్రాంతికి వచ్చిన మనుమడు తాతగారి చింత గని, ఫోనులో వెదకి, ఆ రాయబార పద్యములనే ఎవరో అంతర్జాలమున బెట్టియుండగా పట్టుకొని, పది నిమిషములలో దింపి వినిపించెను. వృద్ధుడు కండ్లు మూసికొని వినుచుండగా, అరుగుమీద గూర్చున్న ప్లీడరుగారు, "బావగారూ! విన సొంపుగానే యున్నది గాని, యిది దొంగసొత్తు సుమండీ" అనెనట. "నేను వెలయిచ్చి కొన్న దానినే మరల దెచ్చుకొన్నాను. ఎవరి యిల్లు దోచితిని?" అని మా మిత్రుడు మమ్మడుగుచున్నాడు.

ఈ ప్రశ్న ఒక్క పెట్టెకు సంబంధించినది గాదు. ముట్టుకొన్న మాత్రమున పొడియగు పుస్తకములు లేని పాత యిల్లు మన జిల్లాలలో నున్నదా? పెండ్లినాడు కొన్న గ్రామఫోను పలకలు, పిల్లలకని కొన్న సీ.డీ.లు, త్రిప్పు యంత్రములే బజారున దొరకక అటకల మీద బడియున్నవి. వస్తువు మనదే, వినుటకు, చదువుటకు మాత్రము వీలులేదు. అదే గ్రంథము, అదే పాట అంతర్జాలమున నెదుటనే కనబడుచుండును. చేయి చాపిన నేరమా, చాపకున్న వెర్రితనమా?

మొదట మన మిత్రుడు కొన్న దేమి? క్యాసెట్టును కొనెను, పద్యమును కొనలేదు. పొలము పుట్రలు గల మా పాఠకుల కీ భేదము బోధింప బనిలేదు. 1948వ సంవత్సరపు ఎస్టేటుల రద్దు చట్టమునకు బూర్వము ఒకే చేనియందు మేల్వారము, కుడివారము అను రెండు హక్కులు రెండు వేర్వేరు చేతులలో నుండెడివి గదా. చేను దున్నువాడు దానిని అనుభవించును, పిల్లల కిచ్చును. అయినను మేల్వారము వానిది గాదు. గ్రంథమును అంతే. కొన్నవాడు దానిని చదువవచ్చును, ఎరువియ్యవచ్చును, పాతపుస్తకముల అంగడిలో నమ్మవచ్చును, పొయ్యిలో బెట్టినను అడుగువాడు లేడు. దానిని చూచి వేయి ప్రతులు వేయుటకు మాత్రము అధికారము గ్రంథకర్తకో, ఆయన వలన బొందినవారికో యుండును. దీనినే కాపీరైటు అనుచున్నారు.

ఇది మన దేశమున సనాతనమైన భావన గాదు. తాటాకుల కాలమున ప్రతి వ్రాయుట పుణ్యకార్యము. వ్రాయనినాడు పురుగు తినును, తిన్ననాడు గ్రంథమే పోవును. బ్రౌనుదొర కడపలో పండితులకు జీతములిచ్చి పాత ప్రతులు వ్రాయింపకున్నచో మన కావ్యము లెన్ని మిగిలియుండెడివో చెప్పజాలము. ఆయన సేకరించిన ప్రతులు నేటికిని చెన్నపురి ప్రాచ్య లిఖిత గ్రంథాలయమున నున్నవి. కవుల యనుమతిపత్రము లాయన కెవ్వరును జూపలేదు. అచ్చుయంత్రము వచ్చి, ఒకని శ్రమను మరియొకడు రాత్రికి రాత్రి వేయి ప్రతులుగా దీసి యమ్ముకొనుట సాధ్యమైన పిదపనే చట్టము వచ్చినది. కుంపిణీ ప్రభుత్వము 1847లో నొకటి చేసెను. 1914లో ఆంగ్లేయుల చట్టమునకు నకలుగా నింకొకటి వచ్చెను. (నకళ్లను నిషేధించు చట్టమే నకలు కావలసివచ్చుట విధివిలాసము!) స్వతంత్ర భారత పార్లమెంటు చేసికొన్నది 1957వ సంవత్సరపు చట్టము. నేడు మనల నేలుచున్నది, పలుమార్లు సవరింపబడిన ఆ చట్టమే.

ప్లీడరుగారు దాని 51వ విధిని జ్ఞప్తియందుంచుకొని 52వ విధిని మరచినట్లున్నారు. ఆ 52వ విధి, ఏయే పనులు ఉల్లంఘనము గావో చెప్పు పెద్ద పట్టిక. దాని మొదటి పద్దే, సొంతముగా వాడుకొనుటకును, పరిశోధనకును న్యాయమైన రీతిని చేసిన పని ఉల్లంఘనము గాదని చెప్పుచున్నది. 2012వ సంవత్సరమునకు బూర్వము ఈ మినహాయింపు గ్రంథములకు, నాటకములకు, సంగీత రచనలకు, చిత్రకళకు మాత్రమే యుండెను. శబ్దముద్రణములకును సినిమాలకును లేకుండెను. అనగా ఆనాడు మన మిత్రుడు తన క్యాసెట్టును సొంతమునకు వేరొక క్యాసెట్టు మీదికి ఎక్కించుకొన్నను చట్టపు నీడ లేకుండెను. ఊరూర క్యాసెట్టు దుకాణములలో ఖాళీ టేపు మీద కోరిన పాటలు ఎక్కించి యిచ్చిన ఆ రోజులలో ఈ సంగతి యెరిగినవా రెందరు? 2012 జూను 21వ తేదీనుండి యమలులోనికి వచ్చిన సవరణ, కంప్యూటరు ప్రోగ్రాములు దప్ప తక్కిన యన్ని రచనలకును ఈ మినహాయింపును విస్తరించినది. అంతేగాక, ఈ ప్రయోజనములకై యే రచననైనను ఎలెక్ట్రానిక్ సాధనమున భద్రపరచుకొనుట ఉల్లంఘనము గాదని వివరణ గూడ జేర్చినది.

కంప్యూటరు ప్రోగ్రాములను చట్టము విడిచిపెట్టలేదు. వాని సంగతి వేరుగా జెప్పినది. న్యాయముగా దన యధీనమున గల ప్రోగ్రామునకు, పోవునో చెడునో యను భయమున, రక్షణ ప్రతి చేసికొనవచ్చునని 1994 నాటి సవరణమే యొప్పుకొన్నది. అట్లే వ్యాపారముకొరకు గాని ప్రజాగ్రంథాలయము తన యొద్ద అచ్చుప్రతి యున్న పుస్తకమును భద్రతకై డిజిటల్ రూపమున నుంచుకొనవచ్చునని 2012 సవరణము చెప్పినది. ఈ రెండిటి వెనుక నున్న న్యాయమే మా మిత్రుని నోటనుండి వచ్చినది: నా యొద్ద నున్న దానిని పోకుండ గాపాడుకొనుచున్నాను.

అయితే ఇచ్చట నొక మెలిక గలదు. తన క్యాసెట్టునుండి తాను ప్రతి చేసికొనుట వేరు, ఎవడో చేసి నలుగురికి బంచిపెట్టుచున్న ప్రతిని దించుకొనుట వేరు. పంచిపెట్టినవాడు హక్కుదారుని యనుమతి లేనిదే లోకమునకంతకు నందించినాడు. వానికి 'సొంత యుపయోగము' అను గొడుగు లేదు. వాని నేరము దించుకొన్నవాని కంటునా? మన చట్టపు మినహాయింపు పద్దులో కొన్నవాడా కొననివాడా, ప్రతి యెక్కడిది అను ప్రస్తావనయే లేదు. 'న్యాయమైన రీతి' అను రెండు మాటలే యున్నవి. వాని కొలత ఆయా సందర్భమును బట్టి న్యాయస్థానము నిర్ణయించవలసినదే. మా బుద్ధికి దోచినంతవరకు, ఒకసారి వెల చెల్లించి, ఆ వస్తువు నింకను తన యొద్ద నుంచుకొని, తానొక్కడే వినుట కొక ప్రతి దెచ్చుకొన్న వృద్ధుడు 'న్యాయమైన రీతి' అని వాదించుటకు దగిన బలము గలవాడే. ప్లీడరుగారు తలచునంత సులభముగా ఆయనను బోనెక్కింపరాదు. కాని ఇది వాదము, అభయపత్రము గాదు. తెలిసి చేసిన ఉల్లంఘనమునకు ఆరు మాసములనుండి మూడేండ్ల వరకు కారాగారమని 63వ విధి చెప్పుచున్నది. వ్యాపారలాభమునకు గానిచో న్యాయాధిపతి శిక్ష తగ్గింపవచ్చును. అయినను ఈ నేరమునకు పోలీసువారు వారంటు లేకయే పట్టుకొనవచ్చుననియు, జామీనునకు హక్కు లేదనియు 2022లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. మనుమలు గల యిండ్లవారు ఈ సంగతి యెరుగుట మంచిది.

మనుమల పద్ధతులలో నొకదానిని గూర్చి ప్రత్యేకముగా హెచ్చరింపవలసియున్నది. టొరెంటు అను మార్గమున దించునప్పుడు, దించుకొన్న ముక్కలను మన కంప్యూటరే వెంటనే ఇతరులకు బంచుచుండును. మనకు దెలియకయే మనము పంచువారి వరుసలో జేరుదుము. ఇంటిలో వండుకొని తినుటకును, వీధిలో హోటలు తెరచుటకును నున్నంత భేదము చట్టదృష్టిలో నీ రెంటికిని గలదు. 'కొన్నాను గదా' అను వాదము ఆ రెండవ పనికి బొత్తిగా నక్కరకు రాదు.

ఇదే తగవు అమెరికాలో సరిగా నిదే రూపమున న్యాయస్థానమున కెక్కినది. 2000వ సంవత్సరమున ఎంపీ3.కాం అను సంస్థ వేలకొలది సీ.డీ.లు కొని, వానిని తన కంప్యూటర్లలో నుంచి, 'మీ యొద్ద సీ.డీ. యున్నదని మాకు జూపుడు, అదే పాటను మా యొద్దనుండి యెక్కడనైనను వినుడు' అని ప్రకటించినది. సీ.డీ. లేనివానికి పాట లేదు; కాబట్టి నష్ట మెవరికని ఆ సంస్థ వాదన. న్యాయాధిపతి రాకాఫ్ దీని నంగీకరింపలేదు. ఆ పాటలు వినువారు తమ సీ.డీ.నుండి చేసికొన్నవి గావు, సంస్థ తన వ్యాపారమునకై చేసినవి. వాని కనుమతి లేదని తేల్చెను. సీ.డీ. యొకటికి ఇరువదియైదు వేల డాలర్ల చొప్పున నష్టపరిహారము నిర్ణయింపగా, తుదకు యూనివర్సల్ సంగీత సంస్థకు 5 కోట్ల 34 లక్షల డాలర్లిచ్చి ఆ సంస్థ రాజీపడవలసివచ్చెను. దీనికి బూర్వము 1984లో, టెలివిజనున వచ్చినదానిని తరువాత జూచుటకు ఇంటిలో ముద్రించుకొనుట తప్పుగాదని ఆ దేశపు సుప్రీముకోర్టే చెప్పియుండెను; 1999లో మరియొక న్యాయస్థానము, తన సంగీతమును తన చేతి యంత్రమునకు మార్చుకొనుటను సాధారణమైన సొంత వాడుకగా నెంచెను. కాబట్టి గృహస్థుడు తన యింట చేసికొన్నదానిని వారు సహించిరి. మధ్యవర్తి చేసిపెట్టినదానిని సహింపలేదు.

ఆంగ్లేయుల కథ విచిత్రమైనది. తాను కొన్నదానినుండి సొంతమునకు ప్రతి చేసికొనవచ్చునని వారు 2014 అక్టోబరులో చట్టము చేసిరి. అసలును ఒరులకిచ్చి నకలును తానుంచుకొన్నయెడల మాత్రము తప్పని దానిలో వ్రాసిరి. ఇది ధర్మమైన నియమమని మేమును నొప్పుకొందుము. కాని హక్కుదారులకు పరిహారము లేకుండ ఈ సదుపాయ మిచ్చుటకు దగిన ఆధారము ప్రభుత్వము చూపలేదని 2015 జూలైలో అక్కడి హైకోర్టు దానిని కొట్టివేసెను. ఒక సంవత్సరమైన నిండకమునుపే పోయినది! జర్మనీవారు మొదలైనవారిది వేరు మార్గము. వారు 1965 నుండియే ముద్రణయంత్రముల వెలలో కొంత రుసుము చేర్చి వసూలు చేసి, రచయితలకును గాయకులకును బంచుచున్నారు. గృహస్థుని మానాన విడుచుచున్నారు. అయితే ఈ సదుపాయము అక్రమముగా బెట్టిన ప్రతులనుండి దించుకొన్నవానికి వర్తింపదని 2014లో ఐరోపా సమాఖ్య న్యాయస్థానము తేల్చినది. అచ్చట మన మిత్రుని మనుమడు ఓడియుండును.

ఇంతవరకు కొన్నవాని పక్షమున మాటాడితిమి. రెండవ పక్షము మాటయు వినవలసియున్నది. తెలుగున గ్రంథము వ్రాసి, సొంత డబ్బుతో వేయి ప్రతులు వేయించి, అవి చెల్లక మంచముక్రింద బెట్టుకొన్న రచయితలను మే మెరుగుదుము. అట్టివాని పుస్తకమును ఎవడో స్కానుచేసి వెలువడిన నెలలోనే అంతర్జాలమున బెట్టుట గ్రంథసేవ యనుట పచ్చి యబద్ధము. దానిని దించుకొని, 'నేను తరువాత కొందును' అనువారు కొనరని అందరకు దెలియును. వేలకు వేలు అద్దెలు దెచ్చు మేడలు గలవారు సైతము నూటయేబది రూపాయల పుస్తకమును ఊరక దింపి, మిత్రులకు వాట్సాపున బంపి, సాహిత్యపోషణ చేసితిమని మురియుచున్నారు. నాటక పద్యముల గాయకుల సంగతి మరియు దయనీయము. క్యాసెట్టు కంపెనీవారు ఒక్కసారి చేతబెట్టిన పైకముతో వారి ఋణము తీరిపోయినది. పాటల రచయితలకును సంగీతకర్తలకును రాబడిలో సమభాగపు హక్కును తెగనమ్ముకొనరాదని 2012 సవరణము విధించుట మంచిదే. కాని ఊరక దించువాని వలన రాబడియే లేనప్పుడు సమభాగ మెక్కడిది?

కాబట్టి మా మిత్రుని వాదమునకు బలము 'కొన్నాను' అను మాటలోనే యున్నది. ఆ మాట నిజమైనంతవరకే యది నిలుచును. ఎరువు తెచ్చుకొన్న పుస్తకమునకు, అమ్మివేసిన సీ.డీ.కి, ఒకప్పుడు టాకీసులో జూచిన సినిమాకు అది చెల్లదు. టిక్కెట్టు కొన్నవాడు కుర్చీని గొనెనుగాని చిత్రమును గొనలేదు.

ఇక అమ్మువారి ధర్మ మెట్లున్నదో చూడుడు. నేడు ఎలెక్ట్రానిక్ పుస్తకముల అంగళ్లలో 'కొనుము' అని పెద్ద యక్షరములతో వ్రాయుదురు. పైకము పుచ్చుకొన్న పిదప, క్రింద నున్న చీమతలకాయలంత యక్షరములను జదివినచో, అది విక్రయము గాదు, కౌలు అని తేలును. అదియు గడువు లేని, ఎప్పుడైనను లేవగొట్టదగిన కౌలు! 2009లో అమెజాను సంస్థ, జార్జి ఆర్వెల్ వ్రాసిన రెండు నవలలను, వెలయిచ్చి కొన్నవారి కిండిలులనుండి వారి కెరుక లేకుండ తుడిచివేసెను. హక్కులేనివాడు వానిని అంగడిలో బెట్టినాడట. పైకము మరల నిచ్చిరి, తరువాత క్షమాపణయు జెప్పిరి. ఆ రెండిటిలో నొకటి '1984' యగుట, పాలకులు పాతకాగితములను మాయముచేయు కథయే యందుండుట లోకమునకు నవ్వు దెప్పించినది. 2019లో మైక్రోసాఫ్టువారు పుస్తకముల అంగడి మూసివేయగా అమ్మిన పుస్తకములన్నియు మాయమైనవి. పైకము తిరిగి వచ్చినది. మన పొలమునకు వెలకట్టి చేతబెట్టి, రాత్రికి రాత్రి గట్లు చెరిపివేసిన మన మూరకుందుమా? 2018లో అమెరికా న్యాయస్థానము, డిజిటల్ సంగీతమును పాతపుస్తకమువలె మారుబేరమున కమ్మరాదని తీర్పుచెప్పినది. అనగా కొన్నవానికి అమ్ముహక్కు లేదు, ఎరువిచ్చు హక్కు లేదు, ఉంచుకొను హక్కుకు జామీను లేదు. 2025 జనవరినుండి కాలిఫోర్నియా రాష్ట్రమువారు, కౌలు మాత్రమే యైనప్పుడు 'కొనుము' అని వ్రాయరాదనియు, వ్రాసినచో సంగతి స్పష్టముగా జెప్పవలెననియు చట్టము పెట్టిరి. మన దేశమున నట్టి నియమము వచ్చుట యవసరము. తూనికలు కొలతలు తనిఖీచేయు ప్రభుత్వమునకు మాటల తూనిక తనిఖీచేయుట భారముగాదు.

డిజిటల్ తాళముల విషయమున మన చట్టము అమెరికా చట్టముకంటె నుదారమైనది. 1998 నాటి వారి చట్టము, తాను కొన్న డిస్కు తాళమునైనను తీయుటను సామాన్యముగా నిషేధించును. మన 65-ఏ విధి, హక్కుల నుల్లంఘించు నుద్దేశముతో దీసినవానినే శిక్షించును. చట్టము నిషేధింపని పనికై తీయుటను అడ్డగింపదు. తాళము తీయుటకు తోడ్పడినవాడు మాత్రము, ఎవరికొరకు దీసెనో వాని పేరు, చిరునామా మొదలగు వివరములు వ్రాసియుంచవలెనట. వీధి చివర కంప్యూటరు మరమ్మతు కుర్రవా డెవడైన నిట్టి చిట్టా వ్రాయగా మేము చూడలేదు!

మరల మన మిత్రుని రాయబార పద్యములకు వచ్చెదము. ఈ పద్యములు తిరుపతి వేంకటకవులవి. ఆ జంటలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1950లో స్వర్గస్థులైరి. జంటకవుల రచనకు తుదివాని మరణానంతరము అరువదియేండ్లు హక్కు గలదు గావున, 2010 చివరతో ఆ గడువు తీరినది. పద్యము నేడు జాతి సొత్తు. అచ్చువేసికొన్నను, రచ్చబండమీద పాడినను, అంతర్జాలమున బెట్టినను అడ్డులేదు. కాని వానిని పాడి ముద్రించిన శబ్దము వేరు. దాని హక్కు ముద్రణము వెలువడిన నాటినుండి లెక్కకు వచ్చు అరువదియేండ్లు. ముప్పదియేండ్ల నాటి క్యాసెట్టునకు ఇంకను సగము కాలము మిగిలియున్నది. పద్యమునకు లేని సంకెల దాని ధ్వనికి గలదు! సినిమాలలో నిట్టి చిక్కే తలక్రిందుగా గనబడును. 1962లో వచ్చిన 'గుండమ్మ కథ' చిత్రమునకు చిత్రముగా 2022 చివరతో గడువు తీరినది. అందలి పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు 1971లో పోయిరి గావున ఆ సాహిత్యమునకు 2031 వరకు హక్కు నిలిచియున్నది. బొమ్మ విడుదలయైనది, మాట కాలేదు.

ఈ అరువదియేండ్లును మొదట నేబదియే. రవీంద్రనాథుని రచనల గడువు 1991 చివర తీరబోవుచుండగా మరి పదియేండ్లు పొడిగింప సవరణ చేసిరి. విశ్వభారతికి మేలు జరిగినదేమో. ఆ పొడిగింపు మాత్రము, వారసులు తలపైన తలపని, ప్రచురణకర్తలు పేరైన మరచిన వేలకొలది గ్రంథములకును వర్తించినది. వానిని మరల నచ్చువేయువాడు లేడు, వేయబోవువానికి అనుమతి యిచ్చువాడు కనబడడు. హక్కుదారు దొరకనప్పుడు ప్రచురణకు లైసెన్సు పొందు మార్గము చట్టమున గలదు గాని, ఒక పాత నాటకము కొరకు కోర్టుమెట్లెక్కు నోపిక యెవరికి? హైదరాబాదునందలి ట్రిపుల్ ఐటీ మొదలైన కేంద్రములలో స్కానుచేయబడి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ద్వారా వేలకొలది తెలుగు పుస్తకములు లోకమునకు దొరికినవి. డల్లాసులో నున్న తెలుగు పిల్లవాడు తన ముత్తాత చదివిన పుస్తకమును నేడు చదువగలుగుచున్నాడన్న ఆ శ్రమ ఫలమే. ప్రజాగ్రంథాలయమున కిచ్చిన భద్రతాహక్కును గృహస్థునకును స్పష్టమైన మాటలతో నిచ్చి, అసలు తనయొద్ద నున్నంతవరకు నకలు నుంచుకొనవచ్చునని ఒక్క వాక్యము చట్టమున జేర్చినచో ప్లీడరులకు బని తగ్గును. రచయితలకు నష్టము లేదు.

మా మిత్రునకు మేము చెప్పినది, ముందు మీ క్యాసెట్లనుండియే ప్రతులు తీయించుకొనుడని. చట్టపు నీడ అచ్చట దట్టముగా నున్నది. ఆయన తెనాలిలో నొక పాత టేపురికార్డరు మరమ్మతుదారుని బట్టుకొనెను. అతడు బూజుపట్టిన చుట్టను మెల్లగా విప్పి, మెత్తని గుడ్డతో దుడిచి, క్రొత్త డొల్లలోనికి మార్చి, తీగతో కంప్యూటరునకు గలిపి యెక్కించుచున్నాడు. గంటసేపు పాడు క్యాసెట్టునకు గంటసేపును గూర్చుండవలసినదే. ఇంతవరకు పదునొకండు చూడగా నేడు దక్కినవి. రాయబారము రెండవ ప్రక్క మాత్రము మధ్యలో తెగి, దొరకలేదు. దానికి మనుమడు దించినదే గతి. కంపెనీ అట్టమీద నున్న చిరునామాకు వెల యెంతయో తెలుపుడని మా మిత్రుడు రిజిస్టరు జాబు వ్రాసెను. అట్టివా రచ్చట లేరని తపాలా ముద్రతో అది మొన్న శుక్రవారము తిరిగి వచ్చినది. విప్పని ఆ కవరును ఆయన క్యాసెట్టు పెట్టెలోనే భద్రపరచినాడు.